కొట్టంలో కెమెరా, తోకకు గజ్జె

చిత్తూరులో నేను నాలుగు కెమెరా కొట్లు ఎక్కి దిగాను. నాలుగింట్లోనూ మొదట అడిగిన మాట ఒకటే: "ఏం పోయిందమ్మా?"

ఏమీ పోలేదు, పోకూడదనే వచ్చాను అంటే వాళ్లకు తలకెక్కేది కాదు. బంగారుపాళ్యం పక్కన మామిడితోటలో మాకు గుర్రాల కొట్టం ఉంది, మూడు ఆడగుర్రాలున్నాయి, అందులో పెద్దది చూలుతో ఉంది, ఇంకో నెలకు ఈనుతుంది, ఈనేటప్పుడు దాన్ని చూస్తూ ఉండాలి. ఇదంతా ఓపిగ్గా చెప్పాక నాలుగో కొట్టాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అంటే దాన్ని ఎవురూ ఎత్తకపోరు గదా?" అన్నాడు. నాకు కోపం ముందు పుట్టి ఆలోచన తర్వాత పుడుతుంది. "ఎత్తకపోయేదానికి అదేమన్నా కోడిపిల్లా?" అన్నాను. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది.

మా అత్తింటివాళ్లకు గుర్రాలు తాతల నాటి నుంచీ బతుకుతెరువు. పెళ్లికొడుకు ఊరేగాలన్నా, జాతరలో గుర్రం ముందు నడవాలన్నా చుట్టుపక్కల మా కొట్టానికే వస్తారు. నేను మాత్రం నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. నూలు తెగితే ఎక్కడ తెగిందో చీకట్లో కూడా చెప్పగలను గానీ, గుర్రం ముఖం చూస్తే నాకేమీ తెలియదు. అదంతా మా అత్తకు తెలుసు. మామ ఉన్నన్నాళ్లు గుర్రం ఈనుతుంటే వాళ్లిద్దరే లోపల ఉండేవాళ్లు, మాకెవరికీ ప్రవేశం లేదు. అంతా అయ్యాక పిలిస్తే వెళ్లి పిల్లను చూడడమే. మామ పోయాక అత్త ఒక్కతే ఆ పని చేస్తోంది. ఆమెకు చెవులు మందం. మనం పక్కన నిలబడి పిలిచినా పలకదు, గుర్రం తోకకు కట్టిన గజ్జె మోగితే మాత్రం ఎక్కడున్నా లేచి వస్తుంది. "కోడలి గొంతు కంటే గజ్జె గొంతు బాగుంటుందేమో" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

పోయినేడు జరిగింది చెబితేగానీ కెమెరా ఎందుకో తెలియదు. పోయినేడు ఇదే పెద్దది నిండుచూలుతో ఉంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, శుభ్రత ముఖ్యమని, తోక వెంట్రుకలు అడ్డం రాకుండా తెల్లటి గుడ్డ చుట్టమని చెప్పాడు. ఆ సాయంత్రమే తోకను సబ్బుతో కడిగి, ఉతికిన గుడ్డ నేనే చుట్టాను. తెల్లవారుజామున కళ్లాపి చల్లడానికి లేచి కొట్టం వైపు చూస్తే, తడికకు ఇవతల అరుగు మీద అత్త గోడవైపు తిరిగి ఒరిగి ఉంది. తడిక అవతల పెద్దది పడుకుని రొప్పుతోంది. దాని వెనక ఎర్రటి సంచి, సంచిలో కదలని పిల్ల. నా కేక విని మా ఆయన, పండక్కి వచ్చి ఉన్న ఆడబిడ్డ పరుగెత్తుకొచ్చారు. డాక్టరు వచ్చేసరికి తెల్లారింది. "మాయ ముందే ఊడిపోయిందమ్మా, లోపల ఊపిరి ఆడలేదు. సంచి బయటికి కనపడిన వెంటనే కోసుంటే బతికుండును" అన్నాడు.

అప్పుడు అన్నాను ఆ మాట. అందరి ముందూ అన్నాను.

"నువ్వు నిద్రపోయినావు అత్తా. నువ్వు నిద్రపోయినందుకే పిల్ల పోయింది."

అత్త నా వైపు చూసింది. తర్వాత గుర్రం తోక వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఒప్పుకోవడం అనుకున్నాను.

ఆడబిడ్డ తడలో తన అత్తగారింటికి తిరిగి వెళ్లి ఆ మాటను అక్కడి చుట్టాలందరికీ పంచింది. పెళ్లిళ్లలో, పలకరింపుల్లో, "పెద్దామె నిద్రపోయిందంట గదా, పాపం వయసు" అని అందరూ అనేవాళ్లు. అత్త వినపడనట్టు ఉండేది. ఆమె చెవుల మందం ఆమెకు ఎంత పనికొచ్చిందో ఆ యేడు చూశాను. కొట్టానికి పోవడం మానలేదు, మేత వేసేది, పేడ తీసేది, కానీ ఇది ఇట్ల చెయ్యండి, అది అట్ల చెయ్యండి అని చెప్పడం మానేసింది. నడుం మీద వేలాడే కొట్టం తాళంచెవి తీసి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఎవరూ అడగలేదు, తనే తగిలించింది.

పెద్దది మళ్లీ చూలయ్యాక మా ఆయన ఒక్క మాట చెప్పాడు. "ఈసారి గూడా పిల్ల దక్కకపోతే మూడింటినీ అమ్మేస్తా. నా వల్ల కాదు." అత్త అన్నం తింటూ విన్నది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గుర్రాలు పోతే ఆ మనిషికి పొద్దున లేచి చేసే పని ఉండదు, ఆ ఇంట్లో ఆమె మాట్లాడే తోడూ ఉండదు. కాబట్టి పిల్ల దక్కాలి. కాబట్టి కెమెరా.

ఎవరిమీదా నమ్మకం పెట్టుకోనక్కర లేని వస్తువు కావాలని నేను వెతికాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

మొదటి కొట్టులో ఎనిమిది కెమెరాల సెట్టు చూపించారు, పెద్ద పెట్టె, బారెడు బారెడు వైర్లు. మా కొట్టంలో ఎలుకలు జీను తోలునే మిగల్చవు, వైర్లను మిగులుస్తాయా? రెండో కొట్టులో వైఫై ఉంటే చాలన్నారు. మా తోటలో ఫోనుకు వచ్చేదే రెండు గీతలు, అవీ వస్తూ పోతూ ఉంటాయి, అంతే మా వైఫై. మూడో కొట్టులో సిమ్ముతో, సోలారుతో నడిచేది ఉంది. ఆశగా చూస్తుండగా ఆయన ముచ్చటపడి, "దొంగ కదిలినాడంటే సాలు, తెల్లలైటు భగ్గుమంటాది, సైరన్ మోగుతాది" అన్నాడు. నొప్పులు పడుతున్న గుర్రం ముందు సైరన్. దండం పెట్టి బయటికి వచ్చాను.

బెంగుళూరు దారిలో గుర్రాలు పెంచే ఒక తోట ఉంది. అక్కడి మేనేజరు నంబరు పట్టుకుని ఫోన్ చేస్తే ఆయన ఓపిగ్గా చెప్పాడు. కెమెరా చీకట్లో చూడగలగాలి, దాని ముందు వెలిగే ఎర్రచుక్కలు కూడా గుర్రానికి కనపడకూడదు, మూలన ఎత్తులో పెట్టాలి, గుర్రం ఎటు తిరిగినా వెనకభాగం కనపడాలి. "గుర్రం ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఈనదమ్మా, ఆపుకుంటుంది. మనిషి పక్కకు పోయేదాకా కాచుకుంటుంది. అందుకే కెమెరా" అన్నాడు. ఈ సంగతి నేను విన్నది అప్పుడే. ఇరవై యేళ్లుగా గుర్రాల ఇంట్లో ఉండి, ఫోనులో ఒక పరాయి మనిషి నోట విన్నాను. ఇంట్లో అడగాలని నాకు తోచలేదు.

నాలుగో కొట్టాయన దగ్గర అటువంటిదే దొరికింది. నేను అడిగానని షట్టరు సగం దించి, లైట్లార్పి చూపించాడు. ఎర్రచుక్క లేదు, బొమ్మ తేటగా ఉంది. సిమ్ము వేసుకోవచ్చు, ఫోనులో ఎక్కడినుంచైనా చూడొచ్చు, ఏది కదిలినా ఫోనుకు గంట వస్తుంది, చూసిందంతా లోపలి కార్డులో దాచిపెడుతుంది. చివర్లో ఒక బటన్ చూపించి, "ఇది నొక్కి మాట్లాడితే మీ గొంతు ఆడ వినపడతాదమ్మా. దొంగను ఇంట్లోనుంచే తిట్టొచ్చు" అన్నాడు. తిట్టడానికి నాకు మిషను సాయం అక్కర్లేదని చెప్పి కొనుక్కొచ్చాను.

బిగించడానికి వచ్చినాయన కెమెరాను వాకిలి వైపే తిప్పుతానని పట్టుపట్టాడు. "దొంగ వచ్చేది ఈణ్నుంచే కదమ్మా!" మూడుసార్లు చెప్పి లోపలి మూలకు తిప్పించాను. ఆ మూల నుంచి కొట్టం అంతా, నడుమెత్తు తడిక, దాని అవతల అరుగు కూడా కనపడ్డాయి. అత్త చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"దానికి రెప్పలుండాయా?" అని అడిగింది.

"లేవత్తా."

"అయితే నిద్రపోదులే" అని ఊడ్చుకుంటూ పోయింది.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా, మాట తప్పేమీ కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ నెలంతా మాకు నిద్రలేదు. బల్లి పాకితే గంట, పురుగు ఎగిరితే గంట, గాలికి గడ్డిపోచ కదిలితే గంట. మా ఆయనా నేనూ వంతులు వేసుకుని ఫోను చూస్తూ పడుకునేవాళ్లం. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి కాబట్టి మా కాపలా అంతా రాత్రిళ్లే. పొదుగు చివర మైనంలా పూసలు కట్టాయని అత్త చెప్పింది, అంటే రేపో మాపో. నేను మళ్లీ తోక కడిగి తెల్లగుడ్డ చుట్టాను. నాలుగు రాత్రులు గడిచాయి. పెద్దది నిలబడే ఉంది, మమ్మల్ని ఆటపట్టిస్తున్నట్టుగా.

అయిదో రోజు పొద్దున మా ఆయన పలమనేరు వైపు పని మీద వెళ్లాడు. నేను ఎప్పటిలా బస్సెక్కి చిత్తూరు వెళ్లాను, అక్కడొక స్కూల్లో గుమాస్తాను. హాజరు పుస్తకం తెరిచి కూర్చుంటే ఫోను గంట కొట్టింది. మళ్లీ బల్లేనేమో అని చూశాను.

అత్త కొట్టంలోకి వచ్చింది. పెద్దదాని వెనక నిలబడి, నేను చుట్టిన గుడ్డను నింపాదిగా విప్పుతోంది. విప్పి, కొంగు ముడిలోంచి ఏదో తీసి తోక మొదట్లో నల్లదారంతో కట్టింది. గజ్జె. నాకు తల తిరిగిపోయింది. కడిగి, ఉతికి, ఇంత శుభ్రం చేస్తే ఆ మురికి గజ్జె తెచ్చి కడుతుందా! అత్త గుర్రం నడుం మీద ఒక్కసారి చెయ్యి వేసి, తడిక దాటి అవతలికి వెళ్లింది. అరుగు మీద కూర్చుంది. కూర్చుని గుర్రానికి వీపు పెట్టింది. కాసేపటికి గోడకు తల ఆనించి ఒరిగింది.

పోయినేడు చూసింది ఇదే. అదే అరుగు, అదే వీపు, అదే ఒరగడం.

ఇంటికి ఫోన్ చేశాను. అత్త ఫోను ఇంట్లో గూట్లో మోగుతుందని తెలుసు, అయినా చేశాను. మా ఆయన ఫోను అందలేదు. డాక్టరుకు చేస్తే అర్ధగంటలో బయలుదేరతానన్నాడు. ఫోనులో పెద్దది చెవులు వెనక్కి పెట్టి తన పక్కలను తానే చూసుకుంటోంది. నాకింక ఆగలేదు. ఆ దొంగను తిట్టే బటన్ నొక్కి అరిచాను.

"అత్తా! నిద్రపోవద్దు! లేయత్తా!"

స్టాఫంతా తల తిప్పి నా వైపు చూశారు. కొట్టంలో పెద్దది ఉలిక్కిపడి రెండడుగులు పక్కకు వేసింది. గజ్జె ఘల్లుమన్న చప్పుడు ఫోనులో నాకు కూడా వినపడింది. అత్త తల తిప్పలేదు. వెనక్కి చూడకుండానే కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చూపించింది. ఆగు, అని.

నా కేక ఆమె చెవిన పడిందో, గజ్జె చప్పుడు పడిందో తెలియదు. కానీ ఆ చెయ్యి నిద్రపోయే మనిషి చెయ్యి కాదు. అప్పుడు తెరను పెద్దది చేసి చూశాను. ఒరిగిన మనిషి కాలి బొటనవేలు గజ్జె చప్పుడుకు తగినట్టు నేల మీద ఆడుతోంది. చూస్తే ఈనదని చూడడం లేదు. చూపు మానేసి, ఉన్న కాస్త వినికిడినంతా ఆ గజ్జె మీద పెట్టి కూర్చుంది.

కాసేపటికి గజ్జె గబగబా మోగింది. నా ఫోనుకు గంట రాకముందే అత్త లేచింది. పెద్దది అప్పుడే మోకాళ్లు మడిచి పడుకుంటోంది. తోక కింద ఎర్రగా కనపడింది. మళ్లీ ఎర్రసంచే. అత్త కొంగు ముడి పళ్లతో లాగింది, కొత్త బ్లేడు తీసి కాగితం విప్పింది, వంగింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

సెలవు చీటీ రాశానో లేదో గుర్తులేదు. బస్సు హైవే ఎక్కాక కిటికీ పక్క కూర్చుని ఆ చక్రాన్నే చూస్తున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు గజ్జె ఎక్కడుంది?

నా చేతిలో ఉంది. తోక కడిగేటప్పుడు దారం వెంట్రుకలకు చిక్కుకుని అడ్డం వస్తే కత్తెరతో తెంపాను. గుడ్డ చుట్టడం అయ్యాక కడదామని మేతగది కిటికీలో పెట్టాను. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్లిపోయాను. కట్టలేదు. అత్తకు చెప్పలేదు. ఆ రాత్రంతా ఆమె గుర్రానికి వీపు పెట్టి, లేని గజ్జె కోసం వింటూ కూర్చుంది. గజ్జె మోగలేదు కాబట్టి గుర్రం నెమ్మదిగా ఉందనుకుంది. ఆ తడిక అవతల పిల్ల ఊపిరాడక చచ్చిపోయింది.

బస్సులో పక్కనామె "కడుపులో తిప్పతా ఉండాదా మా?" అని నిమ్మకాయ ఇచ్చింది. తీసుకుని పట్టుకుని కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి పిల్ల నిలబడి ఉంది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి, అయినా నిలబడి ఉంది. అత్త గోనెపట్టాతో దాని వీపు రుద్దుతోంది. రవిక మోచేతుల దాకా తడిసిపోయింది. నేను తడిక పట్టుకుని ఏడ్చాను. సంతోషమే, కానీ సంతోషం ఒక్కటే అయితే అంత ఏడుపు రాదు.

"తెల్లసంచి వస్తే దేవుడు సూసుకుంటాడు, ఎర్రసంచి వస్తే మనం సూసుకోవల్ల" అంది అత్త, నాకేదో పాఠం చెబుతున్నట్టు. ఒక యేడాది తర్వాత ఆమె నాకు చెప్పిన మొదటి పాఠం.

దగ్గరికి వెళ్లి చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను. "అత్తా, పోయినేడు గజ్జె యాడుండింది?"

పట్టా రుద్దే చెయ్యి ఆగింది. "మేతగది కిటికీలో."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఆ మాట అన్నాక తోక సూసినా. గుడ్డ ఉండాది, గజ్జె లేదు. మాపటికి కిటికీలో కనపడింది."

"మరి ఎందుకు చెప్పలేదత్తా? యాడాదిగా అందరూ అంటా ఉంటే..."

"సెప్తే పిల్ల లేసొస్తాదా? ఆ బరువు ఎట్లాగూ నా నెత్తిన పడింది. ఇద్దరు మోసినా తగ్గేది కాదు గదా" అని, పిల్లను నా వైపు తోసి, "పట్టుకో, పడతాది" అంది.

సాయంత్రానికి మా ఆయన వచ్చాడు, కబురు తెలిసి తడ నుంచి ఆడబిడ్డ కూడా వచ్చింది. పొద్దున ఆలస్యంగా చేరిన డాక్టరు మళ్లీ చూసిపోదామని వచ్చాడు. ముగ్గురూ పైకి చూసి కెమెరాను మెచ్చుకున్నారు. "మీ ముందుచూపే పిల్లను కాపాడిందమ్మా" అన్నాడు డాక్టరు. ఆడబిడ్డ, "మా వదిన కాబట్టి పెట్టించింది. మా అమ్మను నమ్ముకోనుంటే ఈసారి గూడా అంతే" అంది. పోయినేడు ఆ మాట విన్నది ఈ ముగ్గురే. వీళ్ల ముందే అన్నాను, వీళ్ల ముందే వెనక్కి తీసుకోవాలి. చెప్పేశాను. గజ్జె తీసింది నేను, కట్టడం మరిచింది నేను, అత్త నిద్రపోలేదు, తప్పంతా నాది.

మా ఆయన వాళ్లమ్మ చెవి దగ్గరికి వంగి, "నిజమేనా మా?" అని గట్టిగా అడిగాడు.

అత్త పిల్ల మూతి తుడుస్తూనే ఉంది. "దానికి మంచి మనసు. అందుకే అట్ల సెప్తా ఉండాది. గజ్జె ఉన్నింది. నేనే నిద్రపోయినా" అంది.

"సూసినావా, అమ్మే ఒప్పుకుంటా ఉండాది" అంది ఆడబిడ్డ.

నేను లేదు లేదని ఎంత చెప్పినా మా ఆయన నా భుజం తట్టి, అలిసిపోయినావు పొయ్యి పడుకో అన్నాడు. అత్త లేచి, తలుపు వెనక మేకుకున్న తాళంచెవి తీసుకుని నడుముకు దోపుకుంది, నా వైపు చూడకుండా పాలు కాచడానికి వెళ్లింది. వాళ్లు ముగ్గురూ నా ఫోనులో పొద్దుటి రికార్డింగును మళ్లీ మళ్లీ వేసుకుని చూశారు. పోయినేటి రాత్రిది మాత్రం మా దగ్గర లేదు.